బొమ్మలు సరే, గోడ చూశారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి అడుగుతున్నాయి. బొమ్మలు వేశాం, ఫొటోలు తీశాం, హాలు కూడా దొరికింది, ఇక వేలాడదీయడమే మిగిలిందంటున్నారు. చాలా ప్రదర్శనలు దెబ్బతినేది ఆ మిగిలిన పనిలోనే. అందుకే ఈసారి జవాబులన్నీ గోడ గురించి, చెమ్మ గురించి, వెలుతురు గురించే.

*ప్రశ్న: నెల్లూరులో కళాకారుల ఉమ్మడి గ్యాలరీ ఒకటి మూడు రోజులకు మాకిచ్చారు. హాలు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. పన్నెండు మందిమి కలిసి 38 బొమ్మలు సిద్ధం చేశాం. అన్నీ పడతాయా? ఎంత ఎత్తులో పెట్టాలి?*
*— ఒక డ్రాయింగు మాస్టారు, కావలి*

పట్టవు మాస్టారూ. లెక్క చూడండి. నాలుగు గోడలూ కలిపితే 100 అడుగులు. ఇందులో రెండు తలుపులకు 10, నాలుగు కిటికీలకు 16 పోతాయి. మూలల దగ్గర ఇటొక అడుగు అటొక అడుగు ఖాళీ వదలాలి కాబట్టి ఇంకో 8. స్విచ్‌బోర్డులు, ఏసీ, సంతకాల పుస్తకం పెట్టే బల్ల కలిపి 6 అనుకోండి. చేతికి మిగిలేది 60 అడుగులు, అంటే 720 అంగుళాలు. ఫ్రేముతో కలిపి సగటు వెడల్పు 26 అంగుళాలు, బొమ్మకూ బొమ్మకూ మధ్య 12 అంగుళాలు వేసుకుంటే ఒక్కో బొమ్మ 38 అంగుళాలు తింటుంది. పట్టేవి 19. మీరు తెచ్చిన వాటిలో సరిగ్గా సగం! ప్రారంభోత్సవం ఫ్లెక్సీ ఈ లెక్కలో లేదు. అది ఒక్కటే పది అడుగుల గోడ మింగుతుంది. దాన్ని బయట గేటుకు కట్టించండి.

14 అంగుళాల వెడల్పు లోపు చిన్న బొమ్మలు పన్నెండు దాకా ఉంటే వాటిని రెండేసి చొప్పున ఒకదాని కింద ఒకటి పెట్టొచ్చు. అప్పుడు ఆరు జతలకు సుమారు 144 అంగుళాలు చాలు. మిగిలిన చోట పదిహేను పెద్దవి పడతాయి, మొత్తం 27. తలా రెండు బొమ్మలని ముందే చెప్పేస్తే 24తో తేలిగ్గా సరిపోతుంది, మాటామాటా రాదు. 38 కుక్కితే మాత్రం చూసేవాళ్లకు ఏ బొమ్మా గుర్తుండదు.

ఎత్తు విషయానికొస్తే, నేల నుంచి 58 అంగుళాల దగ్గర గోడంతా ఒక గీత ఉందనుకోండి. ప్రతి బొమ్మ నడిమధ్య ఆ గీత మీదికి రావాలి. పై అంచులు సమానంగా పెట్టడం మనవాళ్లకు బాగా అలవాటు. అలా పెడితే చిన్న బొమ్మలన్నీ తల మీదికి పోతాయి. జతగా పెట్టేటప్పుడు రెండు బొమ్మల్నీ, మధ్య ఖాళీనీ కలిపి ఒక్క బొమ్మగా లెక్కగట్టి దాని మధ్యను గీత మీదికి తేవాలి. బడిపిల్లలు ఎక్కువగా వస్తారనుకుంటే గీతను 54కు దించండి, పెద్దలకు ఇబ్బందేమీ ఉండదు.

మేకు ఎక్కడ కొట్టాలో కంటి అంచనాతో తేలదు. బొమ్మ ఎత్తులో సగాన్ని 58కి కలపండి. బొమ్మ వెనక వైరును వేలితో పైకి లాగి పట్టుకుంటే ఫ్రేము పై అంచుకు ఎన్ని అంగుళాలు కిందగా ఉందో కొలిచి, అది తీసేయండి. 30 అంగుళాల బొమ్మకు వైరు 4 అంగుళాలు కిందుంటే 58, 15 కలిపి 73, అందులో 4 పోతే 69. మేకు అక్కడ. వైరు లాగకుండా, వదులుగా ఉన్నప్పుడు కొలిస్తే ప్రతి బొమ్మా ఒక అంగుళమో రెండంగుళాలో దిగిపోతుంది. ఆ తర్వాత గోడ నిండా చిల్లులే.

మేకులు ముట్టుకునే ముందు బొమ్మలన్నిటినీ దుప్పట్లు పరిచి గోడల వెంట నేల మీద ఆనించి పెట్టండి. గుమ్మంలో నిలబడితే ఎదురుగోడ మీద మొదట కనిపించేది మీ అందరిలో గట్టి బొమ్మ అయ్యుండాలి. ‘పెద్దాయనది కాబట్టి ఎదురుగోడకే’ అన్న మర్యాద ప్రతి ఊళ్లోనూ ఉంది. మర్యాదకు దీపం వెలిగించమనండి, గోడ మాత్రం బొమ్మకివ్వండి. దీపపు కుందె బొమ్మలకు కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలి. నూనె మసి కాగితం మీద పడితే పోదు. ఒక్కో బొమ్మ వేలాడదీయడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఇద్దరు మనుషులు కావాలి. ప్రారంభం రోజు పొద్దున మొదలుపెడితే అవ్వదు.

*ప్రశ్న: హాలు వాళ్లు గోడకు మేకు కొట్టొద్దన్నారు. పోయినసారి రెండు వైపులా అంటుకునే టేపు వాడితే తెల్లారేసరికి ఆరు ఫ్రేములు కింద ఉన్నాయి. వేరే దారి ఏమిటి?*
*— ఒక పాఠకురాలు, ఒంగోలు*

టేపు గోడను పట్టుకోదమ్మా, గోడకు పూసిన రంగును పట్టుకుంటుంది. పుట్టీ, డిస్టెంపరు పొరలు సముద్రపు గాలికి చెమ్మెక్కి వదులవుతాయి. బరువు పడగానే పొరతో సహా ఊడొస్తుంది.

ముందు బరువు తెలుసుకోండి. అద్దం ప్రతి మిల్లీమీటరు మందానికీ చదరపు మీటరుకు రెండున్నర కిలోలుంటుంది. 24×36 అంగుళాల ఫ్రేముకు 3 మిల్లీమీటర్ల అద్దం వేస్తే అద్దం ఒక్కటే నాలుగు కిలోల పైమాట. అదే సైజుకు అద్దంలా కనిపించే ప్లాస్టిక్, అంటే 2 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు కిలోమూడొందలు. పెద్ద ఫ్రేములకు యాక్రిలిక్కే మేలు. కాకపోతే గీతలు పడుతుంది, పొడిగుడ్డతో రుద్దితే దుమ్మును ఇంకా లాగుతుంది. కొంచెం తడిపిన మెత్తటి గుడ్డ వాడండి.

గ్యాలరీ వాళ్లు ఒక్కసారి ఖర్చు పెట్టుకుంటే శాశ్వతమైన దారి ఉంది. గోడ పైభాగాన, కప్పుకు అడుగు కిందగా, జీఐ పైపుగానీ అల్యూమినియం పట్టీగానీ ప్రతి మూడడుగులకూ ఒక బిగింపుతో గోడ పొడవునా వేయించాలి. దాని నుంచి ఎస్ ఆకారపు కొక్కేలు, వాటికి ఒకటిన్నర మిల్లీమీటర్ల స్టీలు వైర్లు. ఇక ఎన్ని ప్రదర్శనలు జరిగినా గోడకు చిల్లు పడదు. ఒక్కో ఫ్రేముకు రెండు వైర్లుండాలి. ఒక్కదానికి వేలాడేది ఫ్యాను గాలికే పక్కకు ఒరుగుతుంది. గాలానికి కట్టే నైలాన్ దారం కంటికి కనపడదని చాలామంది వాడతారు. అది బరువుకు సాగుతుంది, ముడి జారుతుంది, రాత్రి మట్టంగా కట్టినవి పొద్దునకు మెట్లలా కనిపిస్తాయి. వాడక తప్పదంటే ఒకరోజు ముందే వేలాడదీసి, సాగాల్సినంత సాగాక రసమట్టం పెట్టి సరిచేయండి.

ఫ్రేము వెనక కొక్కేలు పై అంచు నుంచి మూడోవంతు లోపే ఉండాలి. ఇంకా కిందికి దిగితే బొమ్మ ముందుకు వంగి చూస్తుంది.

ఆ ఖర్చు ఎవరూ పెట్టకపోతే ప్లైవుడ్ పలకలున్నాయి. ఎనిమిదడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పున్న పలక రెండు వైపులా కలిపి ఎనిమిదడుగుల గోడ ఇస్తుంది. విడివిడిగా నిలబెట్టొద్దు, పిల్లవాడు ఆనుకుంటే చాలు పడిపోతుంది. మూడేసి పలకల్ని బందులతో కలిపి అటొకటి ఇటొకటి వాలుగా మడిచి నిలబెడితే తనంతట తనే నిలుస్తుంది. బూడిద రంగు గానీ మాసిన తెలుపు గానీ వేయించండి. షామియానా వాళ్ల ఎర్ర గుడ్డ మాత్రం కప్పొద్దు, పక్కనున్న ప్రతి రంగునూ చంపేస్తుంది.

*ప్రశ్న: ఆగస్టు 19న మా ఫొటోగ్రాఫర్ల సంఘం తరఫున ప్రదర్శన పెడుతున్నాం. సభ్యులు వాట్సాప్‌లో పంపిన ఫొటోలను 12×18 సైజులో ప్రింటు వేయిస్తే మసకగా, నల్లగా వస్తున్నాయి. ల్యాబు తప్పా?*
*— ఒక స్టూడియో యజమాని, సింగరాయకొండ*

తప్పు ల్యాబుది కాదు, వాట్సాప్‌ది. మామూలుగా పంపిన ఫొటోను అది పొడవు వైపు 1600 పిక్సెళ్ల చుట్టుపక్కలకు కుదించేస్తుంది. దాన్ని 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 90 పిక్సెళ్లు కూడా రావు. 12×18కి అంగుళానికి 300 చొప్పున కావాలంటే 3600×5400 పిక్సెళ్లు, అంటే సుమారు 19 మెగాపిక్సెళ్లు. చేతి దూరం నుంచి చూసే ప్రింటుకు 200 ఉన్నా సరిపోతుంది, అప్పుడు 2400×3600 చాలు. ‘డాక్యుమెంట్’గా జతచేసి పంపమనండి, కుదింపు ఉండదు. ఈ మెయిలు, పెన్‌డ్రైవ్ అయినా సరే.

రెండో చిక్కు కొలతలది. కెమెరా ఫొటో మూడుకు రెండు నిష్పత్తిలో ఉంటుంది, 12×18కి అతికినట్టు సరిపోతుంది. ఫోను ఫొటో నాలుగుకు మూడు. దాన్ని 12×18 నిండా పరిస్తే ఎత్తులో ఒకటిన్నర అంగుళం కోత పడుతుంది. రొట్టెల పండగ జనాన్ని తీసిన ఫొటోలో పైన ఆకాశమో కింద నీళ్లో పోతే పోనీ, మనిషి తల తెగితే? ఫోను ఫొటోలను 12×16లో వేయించి, రెండు వైపులా అంగుళం తెల్ల అంచు వదలమని ల్యాబుకు చెప్పండి. 12 మెగాపిక్సెళ్ల ఫోను ఫొటో ఆ సైజుకు అంగుళానికి 250 ఇస్తుంది, భేషుగ్గా ఉంటుంది.

నల్లగా రావడానికి కారణం మీ మానిటరు. పూర్తి వెలుతురు పెట్టుకుని సరిచేస్తే తెర మీద తెల్లగా ఉన్నది కాగితం మీద మునిగిపోతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు కదా. మానిటరు వెలుతురు సగానికి తగ్గించి పని చేయండి. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లోనే, అంటే మామూలు తెరలు, ల్యాబులు వాడే రంగుల పద్ధతిలోనే, ఇవ్వండి. అడోబ్ ఆర్‌జీబీలో ఇస్తే చాలా ల్యాబుల్లో చర్మం రంగు పాలిపోయి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం నమూనా ప్రింటు. ఒక్క 12×18 షీటు మీద 4×6 సైజులో తొమ్మిది ఫొటోలు పడతాయి. అదే ల్యాబులో, అదే కాగితం మీద వేయించి, హాలుకు తీసుకెళ్లి అక్కడి లైట్ల కింద చూడండి. యాభై ప్రింట్లు తిరిగి వేయించుకునే బాధ ఒక్క షీటు ఖర్చుతో తప్పుతుంది.

కాగితం మ్యాట్ (మెరుపు లేనిది) గానీ లస్టర్ (కొద్దిపాటి మెరుపున్నది) గానీ తీసుకోండి. గ్లాసీ మీద ఎదురుగా ఉన్న ట్యూబులైటు, చూసేవాళ్ల చొక్కా, అన్నీ కనిపిస్తాయి, ఫొటో తప్ప. సన్‌బోర్డు (తేలికైన నురుగు ప్లాస్టిక్ పలక) మీద అంటించేట్లయితే 12×18కి 3 మిల్లీమీటర్లు చాలు, అంతకు మించితే 5. అంటించిన వైపుకు బోర్డు విల్లులా వంగడం మామూలే. చదునైన బల్ల మీద, ప్రింట్ల మధ్య తెల్లకాగితం పెట్టి, పైన బరువు ఉంచి ఒక రాత్రి వదిలేయండి. ఎండలో ఆపిన కారులో ఉంచారా, బోర్డు మెత్తబడి ఏ ఆకారంలో ఆరితే అదే ఆకారం.

కృత్రిమ మేధతో పుట్టించిన బొమ్మల గురించి కూడా అడిగారు. ప్రవేశపత్రంలోనే ‘అడిగితే కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలు చూపాలి’ అని ఒక వాక్యం పెట్టండి. అలాంటివి చూపించాలనుకుంటే వేరే గోడ, వేరే పేరు. ఎంపిక చేసేవాళ్లకు ఫొటోల మీద అంకెలే కనిపించాలి, పేర్లు కనపడకూడదు. మీరు ఎంచుకున్న తేదీ సరైనదే. 1839లో ఆగస్టు 19నే ఫ్రాన్సులో డాగెరోటైపు అనే తొలినాటి ఫొటో విధానాన్ని అందరి ముందూ బయటపెట్టారు. గుమ్మం దగ్గర దాని గురించి నాలుగు వాక్యాలు రాసి పెడితే పిల్లలు చదువుతారు.

*ప్రశ్న: మా ఇల్లు కొత్తపట్నం దగ్గర, సముద్రానికి బాగా చేరువ. అద్దం వేయించిన నీటిరంగుల బొమ్మల మీద గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి. ఒక పాత ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. ప్రదర్శనకు ఇవ్వాలి, ఏం చేయను?*
*— ఒక గృహిణి*

అతుక్కున్న ఫొటోను లాగొద్దమ్మా. ఫొటో కాగితం మీది జెలటిన్ పొర చెమ్మకు మెత్తబడి అద్దానికి అంటుకుంది. లాగితే బొమ్మ అద్దం మీద, కాగితం మీ చేతిలో. ముందు అద్దం పైనుంచే స్కాన్ చేయించండి. ప్రదర్శనకు ఆ స్కాను నుంచి వేసిన ప్రింటు ఇవ్వండి, అసలుది అలాగే ఉంచండి.

ఇలా జరగడానికి కారణం ఒక్కటే, మౌంట్ లేకపోవడం. బొమ్మకూ అద్దానికీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల అట్టను కిటికీలా కోసి పెడితే గాలి ఆడే సందు ఉంటుంది. ఆ అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి. మామూలు అట్ట కోసిన అంచు ఏడాది రెండేళ్లలో పసుపెక్కి, ఆ పసుపు బొమ్మ మీదికి పాకుతుంది. వెనక వేసే ఎండీఎఫ్ చెక్క ఇంకా మొండిది. దానికీ బొమ్మకూ మధ్య ఆమ్లం లేని కాగితం తప్పనిసరి.

బొమ్మను మౌంటుకు సెల్లోటేపుతో అంటించొద్దు. నాలుగు అంచులా జిగురు పూయొద్దు. చెమ్మకు కాగితం సాగుతుంది, సాగే చోటు లేక అలలు తేలుతుంది. పై అంచున రెండు చోట్ల మాత్రం పలచని కాగితపు ముక్కలతో, గోధుమ స్టార్చ్ జిగురుతో వేలాడదీయాలి. అన్నం మెతుకులు, మైదా జిగురు వద్దు. సిల్వర్‌ఫిష్ పురుగులకు అవి విందు.

మచ్చలున్న బొమ్మను తడిగుడ్డతో తుడవకండి, బూజు ఇంకా లోపలికి దిగుతుంది. ఫ్రేము విప్పి, మిగతా బొమ్మలకు దూరంగా, నీడలో గాలి తగిలేచోట రెండు రోజులు ఆరనిచ్చి, ఆరుబయట మెత్తటి కుంచెతో నెమ్మదిగా దులపండి. ముక్కుకు మాస్కు ఉండాలి. బూజు పోతుంది కానీ గోధుమ మచ్చ పోదు. దాన్ని తీయడం కాగితపు సంరక్షణ తెలిసినవాళ్ల పని.

గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే నిలిచిపోతే బూజుకు పండగే. మన తీరానికి వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది కాబట్టి ఆ మూడు నెలలూ కాగితపు బొమ్మల ప్రదర్శన పెట్టకపోవడమే మంచిది. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే హాలు అసలు ఏసీ లేని హాలు కంటే హీనం. చల్లబడ్డ అద్దాల మీదికి రాత్రి ఉక్కగాలి వచ్చి చేరుతుంది. ఫ్రేము వెనక కింది రెండు మూలలా అర అంగుళం బెండు ముక్కలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. వాన కొట్టే బయటిగోడకు కాన్వాసులు, లోపలి గోడకు కాగితాలు.

*ప్రశ్న: మా హాల్లో అన్నీ ట్యూబులైట్లే. ఫొటోల అద్దాల్లో మనుషుల ముఖాలే కనిపిస్తున్నాయి. పెళ్లిళ్ల హాలోజన్ లైట్లు తెప్పించమంటారా?*
*— ఒక యువజన సంఘం కార్యదర్శి, కందుకూరు*

వద్దు. హాలోజన్ వేడికి కాన్వాసు సడలుతుంది, మైనపు రంగులు కరుగుతాయి, చూసేవాళ్లు నిలబడలేరు. ఎల్ఈడీ స్పాట్ లైట్లు తీసుకోండి. పెట్టె మీద 3000 కెల్విన్ (కాస్త పసుపు ఛాయ వెలుగు) అనీ, సీఆర్ఐ (రంగుల్ని ఎంత ఉన్నదున్నట్టు చూపిస్తుందో చెప్పే అంకె) 90 లేదా అంతకు పైన అనీ ఉండాలి. సీఆర్ఐ తక్కువైన లైటు కింద ఎరుపు ఇటుక రంగులో కనిపిస్తుంది. తిట్లు పడేది మాత్రం చిత్రకారుడికి.

లైటు బొమ్మ మీదికి నిట్టనిలువు నుంచి 30 డిగ్రీల వాలుతో పడాలి. పదడుగుల కప్పుకు, 58 అంగుళాల మధ్యగీతకు లెక్కగడితే లైటు గోడకు మూడడుగుల దూరంలో ఉండాలి. ఇంకా ముందుకు తెస్తే చూసేవాళ్ల నీడ బొమ్మ మీద పడుతుంది, అద్దంలో మెరుపు కంట్లో కొడుతుంది. గోడకు మరీ దగ్గరైతే ఫ్రేము నీడ బొమ్మను సగం మింగుతుంది. నీటిరంగులకు, ఫొటోలకు 50 లక్స్ (వెలుతురు కొలత), తైలవర్ణాలకు, యాక్రిలిక్‌కు 200 లక్స్ అన్నది మ్యూజియంలు పాటించే లెక్క. మూడు రోజుల ప్రదర్శనకు అంత పట్టింపు అక్కర్లేదు, ఏడాది పొడవునా వేలాడే వాటికి మాత్రం పాటించండి. కిటికీకి ఎదురుగోడ మీద అద్దం ఫ్రేములు పెట్టొద్దు, అక్కడ అద్దం లేని కాన్వాసులు పెట్టండి. నేల మీద మన చీమకుర్తి నల్ల గ్రానైట్ మెరిసిపోతుంటే లైటు దాని మీద కూడా పడి అద్దాల్లోకి తిరిగొస్తుంది. ఆ వరస ముందు ఒక చాప పరిచి చూడండి.

*ప్రశ్న: మార్కాపురం నుంచి మే నెలలో వ్యానులో కాన్వాసులు తెస్తే బబుల్ షీటు బుడగల అచ్చు రంగు మీద పడింది. ఎందుకు?*

యాక్రిలిక్ రంగు ఎండకు మెత్తబడే ప్లాస్టిక్ జాతి. బుడగల వైపు రంగుకు ఆనించి కట్టారు, అంతే. ముందు గ్లాసీన్ అనే పలచని నున్నటి కాగితం గానీ సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపరు గానీ వేసి, బుడగలు బయటికి ఉండేలా చుట్టండి. పాత న్యూస్‌పేపర్ వద్దు, సిరా దిగుతుంది. కాన్వాసులను పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టి, ముఖానికి ముఖం, వీపుకు వీపు పెట్టి, మూలలకు అట్టముక్కలు తొడగండి. ప్రయాణం తెల్లవారుజామున పెట్టుకోండి. తైలవర్ణాలైతే పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటాయి. మందంగా వేసినవి ఆరు నెలలైనా కాకుండా వార్నిష్ చేయొద్దు, చుట్టి కట్టొద్దు.

*ప్రశ్న: నా బొమ్మ కొన్నాయన దాన్ని క్యాలెండరుగా అచ్చు వేయించుకుంటానంటున్నారు. కొన్నాక ఆయన ఇష్టమేనా?*
*— ఒక చిత్రకారిణి, నెల్లూరు*

కాదు. కొన్నది బొమ్మను, దాని కాపీరైటును కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా మీ సంతకం ఉండాలి. ఆ హక్కు మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తర్వాత ఫొటోలకూ ఇంతే. ఒక మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి ‘ఈ బొమ్మ వేసిపెట్టు, ఈ ఫొటో తీసిపెట్టు’ అని చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు వాళ్లే. పెళ్లి ఫొటోను ప్రదర్శనలో పెట్టేముందు ఆ కుటుంబాన్ని అడగమనేది అందుకే. అసలు చిత్రం పదివేల రూపాయలకు మించి మళ్లీ అమ్ముడైతే చిత్రకారుడికి అందులో వాటా అడిగే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది, పది శాతానికి మించకుండా.

అమ్మినప్పుడు రసీదు మీద బొమ్మ పేరు, కొలతలు, ధర, ‘పునర్ముద్రణ హక్కులు చిత్రకారిణివే’ అన్న వాక్యం రాసి ఇద్దరూ సంతకం చేయండి. అమ్ముడైన బొమ్మ పక్కన ఎర్ర చుక్క అంటించి, ప్రదర్శన ముగిసేదాకా గోడ మీదే ఉంచండి. మధ్యలో ఇచ్చేస్తే గోడ పన్ను ఊడిన నోరులా ఉంటుంది.

*ప్రశ్న: బొమ్మల పక్కన చీటీలో ఏం రాయాలి? తెలుగులో రాస్తే తక్కువగా చూస్తారా?*

తెలుగులోనే పెద్ద అక్షరాలతో రాయండి, చూడ్డానికొచ్చేది మన ఊరివాళ్లే. చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, మాధ్యమం, సంవత్సరం, కొలతలు, ధర. కొలతల్లో ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. తిరగేసి రాస్తే నిలువు బొమ్మ అడ్డబొమ్మ అవుతుంది, ఫోనులో చూసి కొనేవాళ్లు గొడవకొస్తారు. ‘మిక్స్‌డ్ మీడియా’ అని వదిలేయకుండా ‘కాన్వాసు మీద యాక్రిలిక్, బొగ్గు, పాత పత్రికల ముక్కలు’ అని రాయండి. ఫొటో ప్రింటు పరిమిత సంఖ్యలో అమ్మేట్లయితే 3/10 అని, అంటే పదింటిలో మూడోదని వేయాలి. పదకొండోది ఎప్పటికీ వేయకూడదు మరి. చీటీ బొమ్మకు కుడివైపు, కింది అంచుకు సమానంగా, రెండంగుళాల దూరంలో. కాగితపు చీటీలు ఫ్యాను గాలికి ఎగురుతున్నాయంటే చిన్న మార్కాపురం పలకల మీద సుద్దతో రాసి కింద ఆనించి పెట్టండి. తప్పు రాస్తే తుడిచి మళ్లీ రాసుకోవచ్చు.